అట్ట లేని చందమామ

ఫలానా ఇంట్లో పాత చందమామలు ఉన్నాయని ఎవరైనా కబురు పెడితే నేను ముందు అడిగేది ఒకటే. "బైండు చేయించినవా, విడివా?"

బైండు చేయించినవి అంటే నా ఉత్సాహం సగం చల్లారిపోతుంది. అవతలివాళ్ళు నొచ్చుకుంటారు. "మా నాన్నగారు ప్రాణంగా దాచుకున్నవండీ. ఏడాదికొకటి చొప్పున కుట్టించి, కాలికో వేయించి, సంవత్సరం కూడా రాయించారు" అంటారు. నిజమే. అలా ప్రాణంగా దాచుకోవడంలోనే అట్టలు పోయాయి.

బైండరు చేసే పని దగ్గర కూర్చుని చూస్తే సంగతి తెలుస్తుంది. ముందు ప్రతి సంచిక వెన్నులో ఉన్న ఇనప పిన్నులు ఊడదీస్తాడు. అట్ట కాగితం లోపలి కాగితం కంటే మందం. పన్నెండు అట్టలూ ఉంచితే కట్ట ఉబ్బుతుంది, సూది దిగదు. పైగా ఆ అట్టకు లోపలి వైపు ఏదో పళ్ళపొడి ప్రకటన, వెనక వైపు బిళ్ళల ప్రకటన. కథ కాదు గదా అని చించి పక్కన పడేస్తాడు. ఇంటివాళ్ళు గట్టిగా చెప్పి అట్టలు ఉంచుకున్నా ఇంకో గండం ఉంది. కుట్టు పూర్తయ్యాక మూడు వైపులా కత్తి పెట్టి సాపు చేస్తాడు. చిత్రకారుడు సంతకం పెట్టేది ఎక్కడ? కింద మూలన. ఆ కోతకు ముందు పోయేది అదే.

ఇంకొందరైతే సంచికను సంచికగా కూడా ఉంచలేదు. 'తోకచుక్క' సీరియల్ పేజీలన్నీ ఒకచోట, 'మకరదేవత' పేజీలన్నీ ఒకచోట కత్తిరించి కుట్టించుకున్నారు. నవల చదువుకోవడానికి అది చాలా బాగుంటుంది. నాకు మాత్రం అందులో పనికొచ్చేది ఏమీ ఉండదు.

నేను హైస్కూలు డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయినవాణ్ణి. ఉండేది చుండూరులో. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు బాపట్ల జిల్లాలోకి పోయింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. అయినా రైలెక్కితే తెనాలి మాకు పక్క స్టేషనే, పనులన్నీ అక్కడే. ఈ అట్టల పిచ్చి నాకు బడిలోనే పట్టుకుంది. అప్పట్లో పిల్లలు బ్రౌను పేపరు కొనలేక పుస్తకాలకు పత్రికల అట్టలు వేసుకొచ్చేవాళ్ళు. లెక్కల నోటుబుక్కు మీద వడ్డాది పాపయ్య, సోషలు పుస్తకం మీద ఎం.టి.వి. ఆచార్య. పిల్లవాడి చేత కొత్త అట్ట వేయించి, పాతది నేను తీసుకునేవాణ్ణి. "మాస్టారు చిత్తుకాగితాలు పోగేస్తున్నాడు" అని స్టాఫ్‌రూములో నవ్వుకునేవాళ్ళు.

పాత బొమ్మల పుస్తకాలు పోగేసే అలవాటు అమెరికాలో పెద్ద వ్యాపారం. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 1938లో 10 సెంట్లకు అమ్మిన పుస్తకం. 2024లో దాని ప్రతి ఒకటి 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. ధర అంత పెరగడానికి సూపర్‌మ్యాన్ పేరొక్కటే కారణం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత వచ్చి, పిల్లలు ఇంటింటికీ తిరిగి పాత కాగితం పోగుచేసి ఇచ్చారు. ఆ కట్టల్లో కామిక్కులు కూడా పోయాయి. మిగిలినవి తక్కువ, అట్ట చెక్కుచెదరకుండా మిగిలినవి మరీ తక్కువ. ఇప్పుడు అక్కడ పుస్తకాన్ని పరీక్షించి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే కంపెనీలున్నాయి. సీలు వేశాక పుస్తకం తెరవడానికి వీల్లేదు. అట్ట చూసుకోవడమే. నాకు నచ్చని పద్ధతి, కానీ అక్కడా అట్టదే పెత్తనమని ఒప్పుకోవాలి.

మనకు ఆ అర్థంలో కామిక్కులు తక్కువే. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి అబ్బాయి బుజ్జాయి 'డుంబు'ను సృష్టించాడు, ఇంగ్లీషు వారపత్రికలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా గీశాడు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు 1945లో మొదలుపెట్టిన 'బాల' ఉంది. బాపు, రమణల తొలి అడుగులు పడ్డది అందులోనే. అయితే ఇంటింటా పోగుపడినదీ, తరాల తరబడి అట్ట చూసి గుర్తుపట్టినదీ చందమామ. కనుక మా ప్రాంతంలో పాత పుస్తకాలు పోగేసేవాళ్ళకు సూపర్‌మ్యాన్ అయినా, ఇంకొకరయినా, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడే.

చందమామ పుట్టింది 1947 జూలైలో, మద్రాసులో. పుట్టించిన ఇద్దరిలో చక్రపాణిగారు తెనాలి ఐతానగర్ మనిషి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లి శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలలు తెలుగు చేసినవాడు. నాగిరెడ్డిగారితో కలిసి ఒకపక్క పాతాళభైరవి, మాయాబజార్ తీస్తూ, ఇంకోపక్క పిల్లల పత్రిక నడిపించాడు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికకు రూపం ఇచ్చిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలివాడు. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పుట్టింది మా చుట్టుపక్కల పల్లెలోనే. చిత్రమేమిటంటే, కుటుంబరావు పేరు సంపాదకుడిగా అచ్చు కాలేదు. దాసరి సీరియళ్ళు పేరు లేకుండానే వచ్చాయి. మావాళ్ళు ముగ్గురూ పత్రికను తమ చేతుల మీదుగా నడిపితే, వాళ్ళలో ఇద్దరి పేర్లు పాఠకులకు ఏళ్ళ తరబడి తెలియవు. పేరు కనిపించేది బొమ్మ వేసినవాడిదే. వాళ్ళెవరూ మా తాలూకా వాళ్ళు కారు. కొందరు తమిళులు, ఒకరు కన్నడిగులు, ఒకరు శ్రీకాకుళం వాళ్ళు.

'చిత్ర' అని సంతకం పెట్టిన టి. వీరరాఘవన్ మొదటినుంచీ ఉన్నవాడు. 1978లో పోయేదాకా వేస్తూనే ఉన్నాడు. దాసరి సీరియళ్ళలోని కోటలు, సొరంగాలు, ఏ జంతువో తేల్చుకోలేని జంతువులు ఆయనవే. తోకచుక్క చదివిన వాళ్ళకు కథ మరిచిపోయినా బొమ్మలు గుర్తుంటాయి. చిత్ర గీతకు తొందర ఎక్కువ. మనిషి నిలబడి ఉన్నా ఇప్పుడే ఎక్కణ్ణుంచో పరిగెత్తుకొచ్చినట్టు ఉంటాడు.

'శంకర్' అంటే కె.సి. శివశంకరన్. 1924లో పుట్టి, 1952లో చందమామలో చేరి, పత్రిక ఆగిపోయేదాకా గీసినవాడు. విక్రమార్కుడు కత్తి దూసి, భుజాన శవంతో శ్మశానంలో నడిచే బొమ్మ ఆయనదే. 2020లో పోయాడు, మరుసటి ఏడు పద్మశ్రీ ఇచ్చారు. శంకర్ బొమ్మలో నేను ముందు చూసేది స్తంభాలు. దక్షిణాది గుళ్ళలో తిరిగిన కన్ను అది. రథచక్రానికి ఆకులు ఎన్నో, కిరీటం మీద వరసలు ఎన్నో ఆయనకు లెక్క ఉంటుంది. లోపలి బొమ్మలకు ఆయన్ను మించినవాడు లేడు. అట్ట విషయానికొస్తే నా ఓటు వేరేవాళ్ళకు.

అట్టకు ఒక ధర్మం ఉంది. కొట్లో దారానికి వేలాడుతుంటే వీధికి అవతల ఉన్న పిల్లవాడికి కనిపించాలి. ఎం.టి.వి. ఆచార్యకు అది బాగా తెలుసు. భారత ఘట్టాలతో ఆయన వేసిన అట్టలు చూడండి. వెలుగు ఒకవైపు నుంచే పడుతుంది, నాటకంలో ఫోకస్ లైటు పెట్టినట్టు. కండరం ఎక్కడ బిగుస్తుందో, ఉత్తరీయం ఎక్కడ జారుతుందో కచ్చితంగా ఉంటుంది. ఆయన వేసిన భీష్ముడు ముసలివాడే, కానీ ఆ చేతులతో విల్లు ఎత్తగలడని నమ్మకం కలుగుతుంది. పిల్లలకు శరీర నిర్మాణం చెప్పాల్సి వచ్చినప్పుడు నేను బోర్డుకు ఆచార్య అట్ట తగిలించేవాణ్ణి. సిలబస్‌లో ఇచ్చిన ప్లాస్టర్ బొమ్మ కంటే అదే నయం.

ఇక వడ్డాది పాపయ్య. 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు. తండ్రి కూడా డ్రాయింగు మాస్టారే, ఆ విషయం నేను కాస్త గర్వంగా చెప్పుకుంటాను. చిన్నప్పుడు రవివర్మ కోదండరాముణ్ణి చూసి గీయడంతో మొదలుపెట్టాడట. జీవితంలో ఎక్కువ కాలం కశింకోటలో ఉండి, అక్కడినుంచే పత్రికలకు బొమ్మలు పంపాడు. 'వపా' అన్న రెండక్షరాల సంతకం కోసం చందమామ కాకుండా 'యువ' సంచికలు వెతికేవాళ్ళున్నారు. యువ కూడా చక్రపాణిగారిదే, మొదట తెనాలిలో మొదలైన పత్రిక. తరవాతి కాలపు యువ దీపావళి సంచికల్లో పాపయ్య రంగుల పేజీలు అచ్చయ్యేవి. ఆ పేజీల కోసమే ఆ సంచికలు చిరిగాయి. ఊడదీసి ఫ్రేము కట్టించుకుని గోడకు తగిలించుకున్నారు. తెనాలిలో ఒక హోటల్ గోడ మీద ఎండకు వెలిసిపోయిన వపా బొమ్మ చాలాకాలం ఉండేది. ఎరుపు మొత్తం పోయి, అమ్మాయి ముఖం నీలంగా మిగిలింది. అచ్చు రంగుల్లో ముందు వెలిసేవి ఎరుపు, పసుపు, మొండిగా నిలిచేది నీలం. పాత సినిమా పోస్టర్లు చూసినవాళ్ళకు ఇది తెలిసిందే.

పాపయ్య అట్ట దొరికితే నేను ముఖం చూడను, మూలలు చూస్తాను. చీర అంచు పక్కన ఒక పిట్ట, గట్టు పక్కన ఒక గడ్డిపువ్వు, ఆకాశంలో ఎవరూ వేయని ఒక ఊదారంగు. అడగని చోట కూడా పని చేశాడు. ఇంత రంగును నాలుగు అచ్చు రంగుల్లోకి దించడం ప్రెస్సువాళ్ళకు ఎంత కష్టమో ఆలోచించండి. పసుపు, ఎరుపు, నీలం, నలుపు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. వెంట్రుకవాసి జరిగితే బొమ్మలోని అమ్మాయికి రెండు పెదవి అంచులు వస్తాయి. అలా జరిగిన ప్రతులు కూడా నా దగ్గరున్నాయి. వాటినీ పారేయను.

అచ్చుకు పోయిన తరవాత అసలు బొమ్మ ఏమవుతుందన్నది ఎక్కడైనా సమస్యే. బెల్జియంలో టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే 1936లో 'నీలి తామర' పుస్తకానికి అట్ట బొమ్మ వేస్తే, నాలుగు రంగుల్లో అచ్చు వేయడం ఖర్చని ప్రచురణకర్త ఒప్పుకోలేదు. ఆయన తేలిక బొమ్మ ఇంకొకటి వేసిచ్చాడు. కాదన్న బొమ్మ మడతలు పడి ఆ ప్రచురణకర్త కుటుంబంలోనే దశాబ్దాలు ఉండిపోయింది. 2021లో పారిస్ వేలంలో దానికి దాదాపు 32 లక్షల యూరోలు వచ్చాయి. మన దగ్గర అచ్చయిన కాగితాన్నే అసలుగా భావించి బతకాల్సిన పరిస్థితి. అందుకే ఆ కాగితం మీద నాకంత పట్టుదల.

అట్ట విడిగా దొరికితే ఏ సంవత్సరానిదో తేల్చడం ఒక సరదా. నెల, సంవత్సరం చిరిగిపోయినా దారులున్నాయి. ప్రకటనల్లో ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది అనుకోవచ్చు. నయా పైసలు అని ఉంటే అప్పటికీ 1964 నడుమకూ మధ్యది. ఉత్త పైసలైతే ఆ తరవాతది. చిరునామాలో 'మద్రాసు-26' అని ఉంటే పిన్‌కోడు రాని రోజులు. పిన్‌కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆరంకెలు ఉంటే ఆ తరవాతది. చెన్నై అని ఉంటే 1996 తరవాతది, దాని కోసం నేను పెద్దగా పరిగెత్తను. లోపలి పేజీ దొరికితే ఇంకా సులువు. చక్రపాణిగారు 1975 సెప్టెంబరులో పోయారు, అక్కణ్ణుంచి పత్రికలో ఆయన పేరు వ్యవస్థాపకుడి వరసలోకి మారింది.

ఇంకో కిటుకు ఉంది, ఇది పాతవాళ్ళు కొత్తవాళ్ళకు అంత త్వరగా చెప్పరు. చందమామ ఒక్క తెలుగు పత్రిక కాదు. తమిళంలో అంబులిమామ, మరాఠీలో చాందోబా, మలయాళంలో అంబిలి అమ్మావన్, హిందీ, కన్నడం, ఒరియా, ఇంగ్లీషు, చివరికి సంస్కృతం, సంతాలీ కూడా. చాలావరకు ఒకే అట్ట బొమ్మ అన్ని భాషలకూ వెళ్ళేది. తెలుగు అట్ట దొరక్కపోతే హిందీ చందమామలో వెతుక్కోవచ్చు. మా వైపు హిందీ సంచికలు దొరకడం తక్కువ గనక వాటిని బైండు చేసినవాళ్ళూ తక్కువే. రైల్వే ఉద్యోగుల క్వార్టర్లలో నాకు మంచి అట్టలు దొరికింది అందుకే. పాపయ్య బొమ్మ పైన దేవనాగరి అక్షరాలు చూసి మొదట్లో మనసొప్పేది కాదు. ఇప్పుడు అలవాటైంది.

మా ప్రాంతంలో పాత కాగితం బతకడం కష్టం. కృష్ణా కాలవల తేమ, రేపల్లె, బాపట్ల వైపు నుంచి ఉప్పుగాలి. పిన్నులు ముందు తుప్పు పడతాయి, తుప్పు చుట్టూ కాగితం మాడినట్టయి చిల్లు పడుతుంది. సంచిక చేతికి రాగానే నేను చేసే మొదటి పని పిన్నులు జాగ్రత్తగా తీసి, నూలుదారంతో రెండు కుట్లు వేయడం. లోపలి కాగితం చౌకరకం, చెక్కగుజ్జుతో చేసింది. అందులోని ఆమ్లమే దాన్ని పసుపు చేసి, పెళుసు చేస్తుంది. అట్ట నున్నటిది గనక అంత త్వరగా పెళుసెక్కదు, కానీ తడిస్తే దాని నునుపే దానికి శత్రువు. 1977 నవంబరు 19 తుపానులో తడిసిన కట్టలు కొన్ని రేపల్లె వైపు ఇళ్ళల్లో తరవాత చూశాను. అట్టకు అట్ట అంటుకుపోయి పలకలా గట్టిపడ్డాయి. విడదీస్తే రంగు ఒకవైపు, కాగితం ఒకవైపు వస్తుంది. దివిసీమను ముంచిన ఆ ఉప్పెనలో మనుషులకే దిక్కులేదు, పుస్తకాలు ఎవరు చూస్తారు?

సెల్లోటేపు అంటించకండి. పదేళ్ళకు జిగురు నూనెలా దిగి గోధుమరంగు చార వేస్తుంది, ఇక పోదు. లామినేషను ఇంకా ఘోరం, వేడికి కరిగిన ప్లాస్టిక్కును కాగితం నుంచి వేరు చేసే దారి లేదు. మామూలు పాలిథీను సంచిలో కట్టి పెడితే చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, ఎండ తగలని బీరువాలో పడుకోబెట్టడం మంచిది. చెదల భయానికి వేపాకు పెట్టేవాళ్ళు ఆకును కాగితానికి తగలనివ్వకూడదు, మరక దిగుతుంది.

దొరికే చోట్లు తగ్గిపోయాయి. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది. విజయవాడ లెనిన్ సెంటరు, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ ఉన్నాయి, కానీ అక్కడ అమ్మేవాళ్ళకు ఇప్పుడు మనకంటే ఎక్కువ తెలుసు. పాత సంచికలు చూడటానికైతే మా రైలు దారిలోనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918 నాటి గ్రంథాలయం, గాంధీగారు 1929లో భవనానికి శంకుస్థాపన చేశారు. తెలుగు పత్రికల మీద పని చేసేవాళ్ళు ఎక్కడెక్కడినుంచో అక్కడికి వస్తారు. చందమామ సంచికలు స్కానులుగా ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతున్నాయి. కథకు అవి చాలు. కానీ స్కాను చేసినవాళ్ళకు కూడా దొరికింది తరచూ బైండు పుస్తకమే గదా, అట్ట ఉండాల్సిన చోట చాలాసార్లు ఖాళీ.

నేను ఎక్కువగా నమ్ముకున్నది చిత్తుకాగితాల కొట్టును, బైండర్లను. బైండర్లు చించిన అట్టలన్నీ పారేయలేదు. లెడ్జర్లు, దస్త్రాలు కట్టేటప్పుడు అట్టముక్కకు లోపల అస్తరుగా అంటించినవి ఉన్నాయి. ఒక మిల్లు పాత ఖాతా పుస్తకం చెదలు పట్టి పొర ఊడితే, లోపల ఆచార్య రథం సగం బయటపడింది. మైదా జిగురు చల్లనీళ్ళకే వదులుతుంది, ఓపిక ఉండాలి. మిగతా సగం అదే మిల్లు ఇంకో ఖాతాలో ఉంటుందని నా ఆశ. ఆ ఖాతాలు ఆదాయపు పన్ను కాగితాలని వాళ్ళు నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

సంతకం కోతలో పోయిన అట్టలు నా దగ్గర ఒక కట్ట ఉన్నాయి. వాటి మీద నాకూ, బాపట్ల వ్యవసాయ కళాశాలలో పనిచేసి రిటైరయిన ఒక మిత్రుడికీ ఎప్పటికీ తెగని తగాదా. అర్జునుడు గాండీవం దించి కూర్చున్న అట్ట ఒకటి ఉంది. ఆయన ఆచార్యది అంటాడు, భారతం గనక, వెలుగు ఒకవైపే పడింది గనక. "వేళ్ళు చూడండి బావగారూ" అంటాను నేను. ఆచార్య వేళ్ళకు కణుపు కణుపూ తెలుస్తుంది, పట్టు తెలుస్తుంది. ఇవి ఒక్క గీతలో లాగేసిన వేళ్ళు, తొందరలో ఉన్న మనిషి వేసినవి. నెల ఆఖర్లో అట్ట అందక చిత్ర కూర్చుని వేసి ఉంటాడని నా వాదన. అంబులిమామలో అదే అట్ట, మూల కోయనిది, దొరికితే తేలిపోతుంది. ఆయన మదురైలో ఎవరికో రాశాడు, నేను కోయంబత్తూరులో ఉన్న మా మేనల్లుడికి చెప్పాను. ఎవరికి ముందు దొరికితే వాళ్ళు రెండో వాళ్ళకు తెనాలి స్టేషనులో టిఫిను పెట్టించాలని పందెం.